పాత బండిని తూకానికి వేసే ముందు: రవాణా మంత్రికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రి శ్రీ పొన్నం ప్రభాకర్ గారికి,

మెదక్ జిల్లా మనోహరాబాద్ నుంచి ఒక మెకానిక్ రాస్తున్న లేఖ.



కాలం చెల్లిన బండ్లను తుక్కు చేయించే విధానం దేశమంతటా నడుస్తోంది. మన రాష్ట్రం కూడా 2024లో స్వచ్ఛంద వాహన ఆధునికీకరణ విధానం ప్రకటించింది. పాత బండిని ఒప్పజెప్పి కొత్తది కొనుక్కునే వాళ్లకు పన్నులో రాయితీ ఇస్తామన్నారు. మంచి పనే. బ్రేకు పట్టని బండి, నల్లటి పొగ కక్కే బండి రోడ్డు మీద తిరగకూడదని మాకు ఒకరు చెప్పనక్కరలేదు. వాటి కింద పడుకుని పని చేసేది మేమే.

నేను అడిగేది వేరు. బండి పనికిరాదని తేలినంత మాత్రాన అందులోని ప్రతి సామానూ పనికిరానిదే అని ఎందుకు లెక్క కట్టాలి? తూకానికి ముందు పనికొచ్చే సామాను విప్పి, పరీక్షించి, కాగితం మీద రాసి అమ్మే పద్ధతి ఎందుకు ఉండకూడదు? ఆ సామానుతో సొంత చేతులతో ఒక బండి కట్టుకోవాలనుకునే కుర్రాడికి, "నీ బండి తీసుకురా, పరీక్ష చేస్తాం, నెగ్గితే నంబరు ఇస్తాం" అని చెప్పే ఆఫీసు ఈ దేశంలో ఒక్కటైనా ఎందుకు లేదు?

మా ఊరు మీకు కొత్త కాదు. మీ కరీంనగర్ వైపు పోయే కొత్తపల్లి రైలు మార్గం మొదలయ్యేది మా స్టేషన్ దగ్గరే. 44వ నంబరు జాతీయ రహదారి మమ్మల్ని ఒరుసుకుంటూ పోతుంది. 2016 అక్టోబరులో తూప్రాన్ నుంచి విడిపోయి మండలమయ్యాం. కాళ్లకల్, ముప్పిరెడ్డిపల్లి, కూచారం వైపంతా ఫ్యాక్టరీలే. 2023లో ఐటీసీ వాళ్ల పెద్ద ఆహార ఉత్పత్తుల కర్మాగారం కూడా ఇక్కడే మొదలైంది. ఇన్ని లారీలు, డీసీఎంలు, ట్రాలీలు తిరిగే చోట మెకానిక్ షెడ్డు, లేత్, వెల్డింగ్, పాత ఇనుము కొట్టు ఉండక తప్పదు. పాత బండి ఎక్కడ ఆగిపోతుందో, దాని సామాను ఎటు పోతుందో రోజూ చూసేవాణ్ణి కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

హాట్ రాడ్ అనే మాట మన కుర్రాళ్లు యూట్యూబులో రోజూ వింటున్నారు. అమెరికాలో, ముఖ్యంగా దక్షిణ కాలిఫోర్నియాలో, 1930ల్లో మొదలైన పని అది. తుక్కు దుకాణంలో చౌకగా దొరికే పాత ఫోర్డు కారు తెచ్చి, అక్కరలేని బరువు తీసేసి, మరో బండి నుంచి బలమైన ఇంజను ఎక్కించి, ఎండిపోయిన చెరువుల మైదానాల్లో పందేలు వేసేవాళ్లు. 1932లో ఫోర్డు తక్కువ ధరకు తెచ్చిన వీ8 ఇంజను వాళ్ల పాలిట వరమైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఇంటికొచ్చిన సైనికులు సైన్యంలో నేర్చిన మెకానిక్ పనిని దీనికి జోడించారు. 1948 జనవరిలో ఈ పని కోసమే ఒక పత్రిక పుట్టింది. 1951లో, వీధుల్లోకి కూడా పాకిన పందేలను అక్కడి నుంచి తప్పించి, నియమాలున్న మైదానాలకు తీసుకుపోయే సంఘం ఏర్పడింది. దొంగచాటుగా సాగిన ఆటకు నియమం, పరీక్ష, గుర్తింపు వచ్చాక అది ఒక పరిశ్రమగా ఎదిగింది.

మన దగ్గర ఆ పేరు లేకపోయినా ఆ పని ఎప్పటి నుంచో ఉంది. సైన్యం వేలం వేసిన జీపులకు కొత్త ఇంజను బిగించి పొలాలకు, పెళ్లిళ్లకు తిప్పిన తరం మనది. హర్యానాలోని మండీ డబ్వాలీ అలాంటి జీపులకు దేశమంతా పేరు మోసింది. అంబాసిడర్‌లో కాంటెస్సా ఐదు గేర్ల బాక్సు ఎక్కించడం, జీపులో క్వాలిస్ ఇంజను దించడం మన మెకానిక్‌లకు కొత్త కాదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ నుంచి బోరింగ్ దాకా ఒకే చోట జరగని పని లేదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్ గారి సుధా కార్స్ మ్యూజియం చూడండి. పాత సామాను పోగేసి క్రికెట్ బ్యాటు, బర్గరు, స్నూకర్ బల్ల ఆకారాల్లో నడిచే కార్లు చేశారాయన. 2005లో 12 మీటర్లకు పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ రికార్డు కొట్టారు. తుక్కులోంచి ఎంత తీయవచ్చో అక్కడికి పోయిన చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. మ్యూజియంలో పెడితే అది కళ. అలాంటి చేతిపనే చేసి బండిని రోడ్డెక్కిస్తే నేరం.

ఇక పాత బండిలో ఏముంటుందో దగ్గరగా చూపిస్తాను. ఒక కాంటెస్సా తుక్కుకు వచ్చిందనుకోండి. 2002లో ఉత్పత్తి ఆగిపోయిన కారు. బాడీ కింది అంచులు తుప్పు పట్టి వేలితో నొక్కితే రాలిపోతుంటాయి. సీట్లు ఎలుకలు కొరికేశాయి. కొనేవాడు బండి చుట్టూ ఒక్కసారి తిరిగి బరువు అంచనా వేసి కిలో లెక్కన ధర చెప్తాడు. ఆయన కళ్లకు అది ఇనుము. మా కళ్లకు కనిపించేది వేరు. ఇంజను ముందు, వెనక చక్రాలకు నడక, మధ్యలో ప్రొపెల్లర్ షాఫ్ట్. సొంతంగా బండి కట్టేవాడికి కావలసిన అమరిక అదే. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవి కాబట్టి అలాంటి సామాను రోజురోజుకూ కరువవుతోంది.

ఇంజను దగ్గరికి పోగానే సెల్ఫ్ కొట్టే మెకానిక్ పని నేర్చినవాడు కాడు. ముందు ఆయిల్ పుల్ల తీసి చూడాలి. నూనె పాలలాగా తెల్లబడితే నీళ్లు కలిశాయని అర్థం. తర్వాత ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో కాస్త ఇంజనాయిల్ పోసి, రోజంతా వదిలేసి, ముందున్న పుల్లీ నట్టుకు పాన పెట్టి చేత్తో మెల్లగా తిప్పాలి. తిరిగితే బతికే ఆశ ఉన్నట్టే. పట్టుకుంటే బలవంతం చేయకూడదు. రింగులు విరిగి సిలిండర్ గోడ గీసుకుపోతుంది. తర్వాత హెడ్డు విప్పడం, క్రాంక్‌ను మైక్రోమీటరుతో కొలవడం. స్టాండర్డ్ ఉందా, పది సైజుకు పోయిందా, ఇరవైకి పోయిందా తేలాలి. చివరి సైజు కూడా దాటితే అప్పుడు నిజంగా తుక్కే.

గేర్ బాక్సు ఇంకా సూటిగా చెప్తుంది. కింద బోల్టు విప్పి నూనె దించితే, అడుగున మెత్తటి బూడిదరంగు ముద్ద కనిపించడం మామూలే. పెచ్చులు, పళ్ల ముక్కలు కనిపిస్తే ఆ బాక్సు వదిలేయాలి. వెనక యాక్సిల్ హౌసింగ్‌లో క్రౌన్, పినియన్ అనే రెండు గేర్లుంటాయి. ఫ్యాక్టరీలో వాటిని జతగా ఒకదానితో ఒకటి ఒరిపించి తయారు చేస్తారు. పళ్ల మీద ఒరిపిడి గుర్తు మధ్యలో సమానంగా పడి ఉంటే అది ఇంకా ఏళ్ల తరబడి పని చేస్తుంది. ఒక దానిలోంచి క్రౌన్, మరొక దానిలోంచి పినియన్ తెచ్చి కలిపితే మాత్రం బండి ఏడుస్తూనే నడుస్తుంది. ఇంత నేర్పుతో, పైపొర గట్టిపడేలా వేడి చేసి, అంత కచ్చితంగా కోసిన ఉక్కును కొలిమిలో పడేస్తే చివరికి మామూలు ఇనుప కడ్డీగా బయటికొస్తుంది. కిలో ధర కిలో ధరే. ఆ గేరు వెనకున్న పనితనానికి ఒక్క పైసా రాదు.

అన్నీ వాడేయండి అని నేను అనడం లేదు. పాత బ్రేకు గొట్టాలు, బ్రేకు లైనింగులు, సీటు బెల్టులు, టైర్లు, పెట్రోలు పైపులు ఎవరికీ తిరిగి అమ్మకూడదు. ఆట వచ్చిన టై రాడ్ ఎండ్లు, పగుళ్లు పడ్డ కమాన్ పట్టీలు అసలే వద్దు. విరిగిన కమాన్ పట్టీకి వెల్డింగ్ పెట్టడం మనిషి ప్రాణం మీదికి తేవడమే. ఎయిర్ బ్యాగులో పేలుడు మందు ఉంటుంది. అది తెలియక విప్పితే చేతులు పోతాయి. పెట్రోలు ట్యాంకు ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి నిలిచి ఉంటుంది. దానికి గ్యాస్ కటింగ్ మంట తగిలితే బాంబు పేలినట్టు పేలుతుంది. పాత ఇంజనాయిల్, కూలెంటు, బ్యాటరీ యాసిడ్ మట్టిలో ఒంపితే బోరుబావి దాకా దిగుతాయి. ఏది వాడాలో, ఏది వాడకూడదో తెలిసిన వాడి చేతిలో పెట్టాలన్నదే నా వాదన. ఇప్పుడు ఈ పని తెలిసినవాళ్లకూ, తెలియనివాళ్లకూ ఒకేలా చీకట్లోనే జరుగుతోంది.

చట్టం ఏమంటోందో కూడా చూద్దాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. కొత్త నమూనా బండికి అనుమతి కావాలంటే పుణె, మానేసర్, చెన్నై పక్కన ఒరగడం లాంటి చోట్ల ఉన్న పరీక్షా సంస్థలకు పోవాలి. ఆ పరీక్షలు వేల బండ్లు చేసే కంపెనీ కోసం రాసినవి. ఒక్క బండి చేసే మనిషి వాటి గడప కూడా తొక్కలేడు.

పాత బండ్ల మీద ప్రేమ ఉన్నవాళ్లకు 2021లో ఒక తలుపు తెరిచారు. 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేసుకోవచ్చు, అక్షరాల్లో వీఏ అని ఉండే నంబరు కూడా వస్తుంది. అయితే బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. పాత రూపాన్ని కాపాడినవాడికి గౌరవం ఉంది, పాత సామానుతో కొత్తది సృష్టించినవాడికి లేదు. పెట్రోలు కారును అనుమతి పొందిన కిట్టుతో ఎలక్ట్రిక్ కారుగా మార్చడానికి మాత్రం చట్టమే వీలిచ్చింది. అంటే బండి మార్చడమే తప్పని చట్టం అనుకోవడం లేదు. మార్పును పరీక్షించే పద్ధతి ఉంటే ఒప్పుకుంటోంది. నేను అడిగేది కూడా ఆ పద్ధతే.

తుక్కు విషయానికి వస్తే, 2021 సెప్టెంబరులో కేంద్రం వాహన తుక్కు కేంద్రాల నిబంధనలు తెచ్చింది. బండి దొంగదా కాదా అని రికార్డుల్లో చూడాలి, ద్రవాలు, గ్యాసు, బ్యాటరీ ముందే తీయాలి, యజమానికి సర్టిఫికెట్ ఇవ్వాలి అన్నారు. అన్నీ సరైనవే. 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త పర్యావరణ నిబంధనల్లో తయారీ కంపెనీల బాధ్యత కూడా చేర్చారు. ఆ బాధ్యతను కొలిచేది మాత్రం ఉక్కు బరువుతోనే. ఒక గేర్ బాక్సు గేర్ బాక్సుగానే మరో పదేళ్లు తిరిగితే కొలిమి ఖర్చు, ఖనిజం, కరెంటు అన్నీ మిగులుతాయి. ఆ మిగులు మాత్రం ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు. లెక్క కిలోల్లో ఉన్నంత కాలం పనివాడి చెయ్యి కూడా సుత్తి పట్టుకుంటుంది గానీ పాన పట్టుకోదు.

ఇక్కడ మీ శాఖ అధికారులు రెండు మాటలు అంటారు. రెండూ నిజమే కాబట్టి జవాబు చెప్తాను.

మొదటిది దొంగ బండ్లు. మీరట్‌లోని సోతీగంజ్‌లో దొంగిలించిన కార్లను ముక్కలు చేసి అమ్మే వ్యాపారం ఎంత పెరిగిందంటే, 2021 డిసెంబరులో పోలీసులు ఆ బజారునే మూయించారు. సామాను కొనే చోట రసీదు లేకపోతే అక్కడికి దొంగ తప్పక వస్తాడు. దానికి మందు సామాను అమ్మకాన్ని ఆపడం కాదు, రసీదు పెట్టడం. అమెరికా 1984లోనే ముఖ్యమైన విడి భాగాల మీద గుర్తింపు నంబరు ముద్రించాలని చట్టం చేసింది. మన తుక్కు కేంద్రంలో బండి రికార్డు ఎలాగూ తనిఖీ చేస్తున్నారు. ఆ బండిలోంచి తీసిన ఇంజనుకు, గేర్ బాక్సుకు, హౌసింగ్‌కు ఒక చీటీ అంటించి, దాని మీద బండి నంబరు, కొన్నవాడి పేరు రాస్తే సరిపోతుంది. ఆ చీటీ లేని సామాను దొరికితే పోలీసులు ప్రశ్నించవచ్చు. చీటీ ఉన్న మెకానిక్ మాత్రం తలెత్తుకుని పని చేసుకోవచ్చు.

రెండోది రోడ్డు భద్రత. ఇంటి వెనక వెల్డింగ్ పెట్టిన బండి స్కూలు పిల్లల మధ్య నడిస్తే ఎలా అంటారు. సరైన భయమే. అందుకే పరీక్ష అడుగుతున్నాను. బ్రిటన్‌లో ఈ చిక్కును పాయింట్లతో తేల్చారు. పాత బండిలోని ఛాసిస్ మిగిలితే 5 పాయింట్లు, సస్పెన్షన్, యాక్సిళ్లు, గేర్ బాక్సు, స్టీరింగ్ ఒక్కోదానికి 2, ఇంజనుకు 1. ఎనిమిది వస్తే పాత నంబరే నిలిచేది. రాకపోతే ఆ ఒక్క బండిని విడిగా పరీక్షకు నిలబెట్టాల్సి వచ్చేది. కాలిఫోర్నియాలో పొగ నిబంధనలు ఎంత కఠినమో అందరికీ తెలుసు. అక్కడ కూడా సొంతంగా కట్టిన బండ్లకు ఏడాదికి 500 రిజిస్ట్రేషన్ల కోటా ప్రత్యేకంగా పెట్టారు. యూరప్‌లో 2015 నుంచి తుక్కు బండి బరువులో 95 శాతం తిరిగి ఏదో విధంగా ఉపయోగపడి తీరాలి. విడిభాగాల్ని తిరిగి వాడటం కూడా అందులో లెక్కకు వస్తుంది. ఈ దేశాల్లో దేనికీ రోడ్డు భద్రత మీద మనకంటే తక్కువ పట్టింపు లేదు.

52వ సెక్షన్ మార్చడం మీ చేతిలో లేదు, ఢిల్లీ చేతిలో ఉంది. మీ చేతిలో ఉన్నవి మాత్రమే మీ ముందు పెడుతున్నాను.

తుక్కు కేంద్రాలకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది మీ రవాణా శాఖే. ప్రతి కేంద్రంలో విప్పిన సామాను ఉంచే ప్రత్యేక షెడ్డు ఉండాలని, ఏది అమ్మవచ్చో, ఏది నాశనం చేయాలో తెలుగులో రాసిన పట్టిక గోడకు ఉండాలని, ప్రతి అమ్మకానికీ చీటీ ఉండాలని ఆదేశం ఇవ్వండి. ఆ షెడ్డులో అమ్మకం, వేలం పాటలో పెద్ద వ్యాపారి ఒక్కడే అంతా ఎగరేసుకుపోయేలా కాకుండా, విడి సామాను విడిగా చిన్న మెకానిక్ కొనుక్కునేలా ఉండాలి.

2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ రద్దవుతోంది. ఆఫీసు జీపులు, అంబులెన్సులు, ఆర్టీసీ బస్సులు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. వాటిలో ప్రతి జిల్లా నుంచి కొన్ని ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు పంపండి. 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన కేంద్రాలుగా మారుస్తున్నది మీ ప్రభుత్వమే. అక్కడ రోబో ఉండటం మంచిదే. పక్కనే ఒక పాత జీపు కూడా ఉండాలి. క్రౌన్ పినియన్ పళ్ల మీద ఒరిపిడి గుర్తు ఎక్కడ పడిందో చూడటం చేతికి నూనె అంటకుండా రాదు. మా జిల్లా నర్సాపూర్ లాంటి చోట్ల ఇంజనీరింగ్ చదివే పిల్లలు బాహా అనే విద్యార్థుల బండ్ల పోటీలకు సొంతంగా బండ్లు కడుతున్నారు. మూడు చక్రాల ఆల్ఫా ఆటో గేర్ బాక్సే దేశమంతటా ఆ బండ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. పాత సామాను విలువ ఆ పిల్లలకు తెలుసు. దాన్ని చట్టబద్ధంగా కొనే చోటు మాత్రం వాళ్లకు లేదు.

కేంద్రానికి ఒక ఉత్తరం రాయండి. ఒక్క బండిని విడిగా పరీక్షించి అనుమతించే పద్ధతి తేవాలని, మొదట ఏడాదికి రాష్ట్రానికి కొన్ని పదుల బండ్లకే పరిమితం చేసినా సరేనని అడగండి. బ్రేకులు, స్టీరింగ్, లైట్లు, పొగ, వెల్డింగ్ బలం చూసి పాస్ చేయండి. కిరాయికి తిప్పకూడదని, వేగానికి హద్దు ఉంటుందని షరతు పెట్టండి. ఫెయిలైతే రోడ్డెక్కనివ్వకండి. పరీక్షంటే మాకు భయం లేదు.

చివరగా మా ఊరి మాట. తెలంగాణ ఉత్తరాన తిరిగే బండ్లు ఎన్నో 44వ రహదారి మీదుగా మా ముందు నుంచే పోతాయి. పక్కనే రైలు ఉంది, పారిశ్రామిక స్థలం ఉంది, ఈ పని తెలిసిన చేతులు ఉన్నాయి. విప్పడం, పరీక్షించడం, రాయడం, అమ్మడం ఒకే చోట జరిగే ఒక నమూనా యార్డు మెదక్ జిల్లాలో పెట్టండి. మెదక్ ఐటీఐ పిల్లలకు అక్కడే శిక్షణ ఇప్పించండి. అది సరిగ్గా నడిస్తే మిగతా జిల్లాలకు తీసుకుపోండి. నడవకపోతే మూసేయండి. ప్రభుత్వానికి పోయేది ఒక షెడ్డు ఖర్చు.

ఈ వృత్తిలో ఉన్న తోటి మెకానిక్‌లకూ ఒక మాట. ఈ లేఖకు బలం మీరే. దొంగ సామాను కొనకండి. రసీదు లేకుండా ఇంజను మార్చకండి. ఎయిర్ బ్యాగు, బ్రేకు గొట్టం పాతది బిగించమని ఎవరు బతిమాలినా బిగించకండి. మనం శుభ్రంగా ఉంటేనే ప్రభుత్వాన్ని గట్టిగా అడిగే హక్కు ఉంటుంది.

మంత్రి గారూ, రాబోయే ఏళ్లలో ఈ రాష్ట్రంలో ఎన్నో బండ్లు తుక్కు కేంద్రాల గేటు దాటబోతున్నాయి. గేటు లోపల మొదట పాన పడాలా, కట్టర్ పడాలా అన్నది మీ శాఖ ఇచ్చే ఒక్క ఆదేశంతో తేలిపోతుంది. పాన ముందు పడేలా చూడండి. ఆ ఆదేశం త్వరగా ఇవ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
మనోహరాబాద్ మెకానిక్ షెడ్డు నుంచి
ఒక పౌరుడు